పిలిస్తే పలికే పేరు

పోయినవారం మిమ్మల్ని దించిన షట్టర్ లోపల వదిలేసి వెళ్లాను. తిట్టుకునే ఉంటారు, తిట్టుకోండి. నేనూ ఆ షట్టర్ లోపలే ఉన్నాను, నాకు మాత్రం ఎక్కడికి పోవడానికి దారుంది?

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. నేను పెద్దక్కని. మా చిన్నోడు, అంటే నా ఆఖరి తమ్ముడు, ఒక కంపెనీ పెట్టాడు. మా ఇద్దరి మధ్యా చిన్నక్క ఒకతె ఉంది గానీ ఈ కథలో దానికి పని లేదు. చిన్నోడి కంపెనీ ఒక పెట్టె చేస్తుంది. అరచేతిలో పట్టేంత తెల్ల పెట్టె, ఇంట్లో గోడకి తగిలించుకోవాలి. ఆపదొస్తే ఫోన్ కోసం వెతుక్కోనక్కర్లేదు. "పెద్దక్కా" అని గట్టిగా పిలిస్తే చాలు, మా ఆఫీసుకి కబురొస్తుంది, మా బండి బయల్దేరుతుంది. పిలిచిన మనిషికి ధైర్యం రావాలని పెట్టె కూడా పైకే జవాబు చెప్తుంది. "నేనున్నాను. భయపడకు. మనవాళ్లు బయల్దేరారు." ఆ గొంతు నాది. కంపెనీ పేరు కూడా అదే, పెద్దక్క.

చిన్నప్పుడు వాడికి చీకటంటే చచ్చేంత భయం. పక్కగదిలోంచి "నేనున్నాన్రా, పడుకో" అని నేను అరిస్తే తప్ప కన్ను మూసేవాడు కాదు. ఆ అరుపునే తీసుకెళ్లి పెట్టెలో పెట్టాడు. నాకు గర్వంగా లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కూడలి కూడలికీ ఎర్రటి అక్షరాల్లో నా పేరు చూసుకుంటూ బస్సులో తిరిగినదాన్ని. ఒక్కటే చిక్కు, ఆఫీసులో వాడు నన్ను ఉత్త "అక్కా" అనే పిలవాలి. పొరపాటున పెద్దక్కా అన్నాడంటే నాకంటే ముందు గోడ మీది పెట్టె పలుకుతుంది.

ఆ మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చి కంపెనీలో సగం కొంటూ సంతకం పెట్టాలి. ఎండాకాలంలో కూడా కోటు విప్పడు కాబట్టి మేమంతా ఆయన్ని కోటాయన అంటాం. ఆయన రాకముందే ఇంకొకతను వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చొక్కా నిండా గ్రీజు మరకలు, చేతిలో గుండ్రటి తలున్న చిన్న సుత్తి. సొట్టపడ్డ కార్ల రేకులు సాపుచేసే డెంటింగ్ మేస్త్రి. "ఈ పెట్టెలో గొంతెవరిది?" అని అడిగాడు. నేను పళ్లికిలించి "నాదే" అన్నాను. అతను వెనక్కి తిరిగి షట్టర్ దించి తాళం వేశాడు. పోయినవారం అక్కడ ఆపాను.

తాళంచెవి జేబులో వేసుకుంటున్నప్పుడే మా వాచ్‌మన్ అతని మీదికి దూకాడు. పాపం, వయసులో పెద్దవాడు, దూకుడు మాత్రం కుర్రాడిది. మేస్త్రి సుత్తి తిరగేసి పిడితో పొట్టలో ఒక్కటి పొడిచాడు. వాచ్‌మన్ గాలి తీసేసిన ట్యూబులా మడతపడి మూలకి దొర్లాడు. నేను వెనకగది వైపు తిరిగి "గడియ పెట్టుకోండే పిల్లలూ!" అని గొంతు చించుకున్నాను. వెనకగదిలో ఆపద కాల్స్ తీసుకునే అమ్మాయిలుంటారు. లోపల గడియ పడ్డ చప్పుడు వినపడ్డాక గానీ నాకు ఊపిరాడలేదు.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు? ఏం కావాలి నీకు?" అన్నాను.

అతను సమాధానం సుత్తితో చెప్పాడు. అద్దాల బల్ల మీద వరసగా పేర్చిన కొత్త పెట్టెలున్నాయి. ఆ చివర మొదలుపెట్టి ఈ చివరిదాకా ఒక్కొక్కదాన్నీ పగలగొట్టుకుంటూ వచ్చాడు. పిచ్చికోపంతో కాదు, పని చేస్తున్నట్టే కొట్టాడు. ఒక దెబ్బకి ఒక పెట్టె. చివరి దెబ్బకి బల్ల కూడా భళ్లున పగిలింది. గాజుముక్క ఒకటి వచ్చి నా పాదంలో దిగింది. కిందికి చూస్తే చెప్పంతా రక్తం.

నా ఒంటి మీద రక్తం చూస్తే మా చిన్నోడికి ఒళ్లు తెలియదు. కంప్యూటర్ ముందునుంచి లేచొచ్చి మేస్త్రి సుత్తిచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. జీవితంలో కీబోర్డు కంటే బరువైంది ఎత్తని వెధవ, రోజూ ఇనుము కొట్టే మనిషి చెయ్యి పట్టుకుంటే ఏమవుతుంది? మేస్త్రి వాణ్ని ఒక్క గుంజు గుంజి, పగిలిన బల్ల అంచు మీద వాడి కుడిచెయ్యి పరిచి, తన ఎడమచేత్తో అదిమిపట్టాడు.

"వద్దు! ఒరేయ్, వద్దు!" అంటున్నాను నేను.

సుత్తి దిగింది. ఎండుకొమ్మ విరిచినట్టు చప్పుడైంది. వేళ్లు వేళ్లలా లేవు.

చిన్నోడు అరిచాడు. నొప్పిలో మనిషి ఆలోచించి అరవడు కదా. ముప్పై దాటినవాడు మూడేళ్లవాడైపోయి "పెద్దక్కా!" అని అరిచాడు.

నేను నోరు తెరిచేలోగా గోడ పలికింది. "నేనున్నాను. భయపడకు. మనవాళ్లు బయల్దేరారు."

మేస్త్రి ఆ గోడ వంక చూశాడు. ఆ తర్వాత నా వంక చూశాడు. అప్పటిదాకా రాయిలా ఉన్న ముఖంలో ఏదో కదిలింది. చిన్నోణ్ని నేలమీదికి తోసి గుండెల మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. సుత్తి తలని వాడి పెదాల మీద ఆనించాడు.

"విన్నావుగా అమ్మా? చక్కగా వినపడింది. వీడికి వినపడింది, నాకూ వినపడింది. ఎవరో బయల్దేరారని నాకిప్పుడు తెలుసు. వాళ్లు వచ్చేలోపల నా పని నేను పూర్తి చేసుకోవాలని కూడా తెలుసు. వీడు ఇంకోసారి నోరెత్తకుండా ఏం చెయ్యాలి? నువ్వే చెప్పు."

నేను గాజుముక్కల మీదే ఒక అడుగు ముందుకేశాను. 

"నేనిక్కడ ఆపాను," అన్నాడతను. "మా చెల్లెలి మొగుడు ఆపలేదు."

ఆ మాట నాకు చెవిలో పడింది గానీ బుర్రకెక్కలేదు. నా కళ్లకి కనపడుతున్నది ఒక్కటే, నా తమ్ముడి నోటి మీద ఇనుము. గోడకి నిప్పు ఆర్పే ఎర్ర సిలిండర్ తగిలించి ఉంటే ఊడబెరికి, రెండు చేతులతో ఎత్తి, మేస్త్రి మీద పడేశాను. తలకి గురిపెట్టాను, భుజానికి తగిలింది, అంచు మాత్రం చెవిని చీల్చుకుంటూ పోయింది. అతను పక్కకి ఒరిగాడు. సుత్తి జారింది. నేను దాన్ని కాలితో తన్ని, చిన్నోణ్ని చొక్కా పట్టి లాక్కుని, మళ్లీ సిలిండర్ ఎత్తాను. ఈసారి తల తప్పేది కాదు. నా చేతుల్లో ఆ బలం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకే తెలియదు. చంపేద్దామనే ఎత్తాను, అబద్ధం ఎందుకు?

అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. చెవినుంచి మెడ మీదికి రక్తం కారుతుంటే తలెత్తి నన్ను చూశాడు.

"కొట్టమ్మా. నువ్వు వీడి దగ్గరికి మనిషివి వచ్చావు. మా చెల్లెలి దగ్గరికి నీ గొంతు ఒక్కటే వచ్చింది."

సిలిండర్ నా చేతుల్లో అలాగే ఉండిపోయింది.

అప్పుడు చెప్పాడు, నేలమీద కూర్చునే. ఏడవలేదు, ఎక్కడా ఆగలేదు కూడా.

"ఆ పెట్టె నేనే కొన్నాను. నా చేతులతో నేనే బిగించాను, బీరువా పక్కన, వాడికి కనపడకుండా. 'ఇంకేం భయం లేదే, పిలిస్తే పలుకుతుంది' అని చెప్పొచ్చాను. వాడు అంతకుముందూ కొట్టేవాడు. కొట్టీ కొట్టీ అలిసిపోయి పడుకునేవాడు. ఆరోజు మాత్రం నా చెల్లెలు పిలిచింది. పెట్టె ఎక్కడుందో వాడికి తెలియదు గానీ ఆ పేరేంటో తెలియదా? రోడ్డు మీద ఎటు చూసినా అదేగా! ఆ పేరు వినగానే ఆగాడట. చెల్లెలు బతికిపోయాననుకుంది. ఇంతలో మీ పెట్టె మాట్లాడింది. బయల్దేరారు అని చెప్పింది. ఎవరికి చెప్పింది? నా చెల్లెలికా? వాడికి చెప్పింది. తొందరపడు, టైం లేదు అని వాడికి చెప్పింది!"

చిన్నోడు విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మేస్త్రి వాడి వైపు తిరగలేదు, నాకే చెప్తున్నాడు.

"బల్ల మీద ఇస్త్రీ పెట్టె ఉంది. దాంతో నోటి మీద కొట్టాడు. మళ్లీ పిలవకూడదు కదా, అందుకని నోటి మీదే కొట్టాడు. దవడ రెండు ముక్కలైంది. ఇప్పుడు తీగలు పెట్టి కట్టారు. గొట్టంతో నీళ్లు తాగుతుంది. మాట లేదు, ఇదంతా కాగితం మీద రాసి చూపించింది. మీ బండి వచ్చింది, రాలేదనను. ఆసుపత్రిలో చేర్చారు. చేర్చి, మీ ప్రకటనలో ఏం రాసుకున్నారు? ఇంకో ప్రాణం కాపాడిన పెద్దక్క అని రాసుకున్నారు."

ఆ ప్రకటన నాకు గుర్తుంది. నేనే నలుగురికి చూపించాను.

"ఇదంతా నాకు ఇప్పుడా చెప్పేది?" అన్నాను. గొంతు నాది కానట్టుంది. "ముందే వచ్చి చెప్పుంటే..."

"చెప్పాను. నీ తమ్ముడితో రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. 'చూస్తామండీ, మావాళ్లతో మాట్లాడతామండీ' అన్నాడు. మూడోసారి ఎత్తలేదు."

నేను చిన్నోడి వైపు తిరిగాను. వాడు తల దించుకున్నాడు. కనీసం కాదనైనా అంటాడని ఎదురుచూశాను. పెంచినదాన్ని కదా, వాడి మెడ ఎంత వంగితే ఎంత తప్పు చేశాడో నాకు తెలుసు. గడ్డం వచ్చి గుండెకి ఆనింది.

"ఈయన చెల్లెలు ఒక్కతేనా?" అన్నాను.

వాడు విరిగిన చెయ్యి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"నిన్నేరా! ఒక్కతేనా?"

"కాదక్కా. ఇంకా ఉన్నాయి."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది నాకు. సిలిండర్ పారేసి, విరిగిన చెయ్యి అని కూడా చూడకుండా వాణ్ని చొక్కా పట్టి లేపి, గోడకి అదిమి, ఈ చెంపా ఆ చెంపా వాయించాను. వాడి ముక్కులోంచి రక్తం వచ్చినా ఆగలేదు. "ఉన్నాయా? ఉన్నాయంటావేంట్రా? ఆడపిల్లల మూతులు పగులుతుంటే 'ఉన్నాయి' అని పద్దు చెప్పినట్టు చెప్తావా? నా గొంతుతో? నా పేరు పిలిచినందుకు?"

"కొట్టు," అన్నాడు వాడు. "కొట్టు గానీ నా మాట విను. ముందు గొంతు ఆపేద్దామనుకున్నాను. ఆపినా లాభం లేదక్కా. పెట్టె నోరు మూసుకున్నా, పిలిచే మాట అదే కదా? ఊరందరికీ తెలిసిన పేరు అది. ఆ పేరు నోట్లోంచి వచ్చిందంటే సాయానికి పిలిచిందని ప్రతి వెధవకీ తెలుసు. గుట్టుగా పిలవాల్సిన పేరుని మనమే తీసుకెళ్లి కూడలిలో కట్టాం. ఎంత పేరొస్తే అంత ప్రమాదం."

"మరి మార్చి చావొచ్చుగా?"

"మార్చేశాను! అంతా రాసి పెట్టాను. ఒక్కో ఇంటికి ఒక్కో మాట, వాళ్లిష్టం వచ్చింది పెట్టుకుంటారు. పొయ్యి ఆపావా అనో, చీపురెక్కడ అనో, ఎవరికీ అనుమానం రాని మాట. పెట్టె జవాబు చెప్పదు, నోరు మూసుకుని మనకి మాత్రం కబురు పంపుతుంది. నా కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే అన్ని పెట్టెల్లోంచీ నీ పేరు పోతుంది. కానీ నొక్కాక జనం కొత్త మాట పెట్టుకునేదాకా అన్నిళ్లలోనూ పెట్టెలు మూగవే. పైగా ఆ పేరు పిలిస్తే పలకదు అని ఊరంతా తెలియాలంటే కంపెనీకి కూడా ఆ పేరు ఉండకూడదు. బోర్డు మీద, బండి మీద, ఎక్కడా ఉండకూడదు. లేకపోతే భయంలో మళ్లీ అదే పిలుస్తారు."

"అయితే నొక్కడానికేం రోగం?"

"కోటాయన కొంటున్నది పెట్టెని కాదు. పెట్టె ఎవడైనా చేస్తాడు. ఆయన కొంటున్నది పేరుని. ఆ సంతకం పడకపోతే వచ్చేనెల ఇక్కడ ఎవరికీ జీతాలుండవు." వాడు తల అడ్డంగా ఊపాడు. "అది కూడా కాదక్కా. నీకు నేనిచ్చింది ఏముంది చెప్పు? చదువు మానేసి నన్ను చదివించావు. ఇవ్వగలిగింది ఆ పేరొక్కటే. దాన్ని నా చేత్తో ఎలా చెరిపెయ్యను?"

"నాకిచ్చావా?" అన్నాను. "నాకిచ్చినదాంతో పక్కింటి ఆడదాని పళ్లు రాలుతుంటే, నేను దాన్ని చూసుకుని మురిసిపోవాలా?"

వాడు ఏడవడం మొదలుపెట్టాడు. నాకు జాలి వేయలేదు. ఆ తర్వాత వేసింది, అప్పుడు మాత్రం వేయలేదు.

బయట షట్టర్ మీద దబదబా బాదుతున్నారు. మా బండి వచ్చింది. గోడ మీది పెట్టె పిలుపుకి వెనకగది పిల్లలు పంపిన బండి. మేస్త్రి తల వెనక్కి ఆనించి నవ్వాడు, చిరిగిన చెవి పట్టుకుని. "వచ్చారు చూడు. ఈపాటికి నేను మీ అందర్నీ చంపి చేతులు కడుక్కునేవాణ్ని." జేబులోంచి తాళంచెవి తీసి నా కాళ్ల దగ్గరికి విసిరాడు.

షట్టర్ లేచిందో లేదో మా ఇద్దరు కుర్రాళ్లూ లోపలికి దూకారు. రక్తం చూశారు, ఇంకేం అడగలేదు. మేస్త్రిని బూటుకాళ్లతో తన్నడం మొదలుపెట్టారు. ఒకడు పక్కటెముకల్లో తన్నుతుంటే ఇంకొకడు లాఠీతో మోకాళ్ల మీద కొడుతున్నాడు. అతను ముద్దగా ముడుచుకున్నాడు గానీ కుయ్యిమనలేదు. "ఆగండ్రా! చాలు! ఆగమంటే మీక్కాదూ?" అని నేను మధ్యలోకి వెళ్తే లాఠీ దెబ్బ ఒకటి నా మోచేతికి తగిలింది. అప్పుడాగారు, నన్ను కొట్టినందుకు కంగారుపడి.

వాళ్ల వెనకాల, గాజుముక్కల మీద మెరిసే బూట్లు జాగ్రత్తగా మోపుతూ కోటాయన వచ్చాడు. చుట్టూ చూశాడు. చిన్నోడి చెయ్యి చూసి ముఖం తిప్పుకున్నాడు.

"నేను రేపొస్తే మంచిదేమో," అన్నాడు.

ఎవరైనా సమాధానం చెప్పేలోపల వెనకగది తలుపు దడాలున తెరుచుకుంది. హెడ్‌సెట్ మెడలో వేలాడుతూ ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. "అక్కా! కాల్ వచ్చింది. మొగుడు ఇంట్లోనే ఉన్నాడు. కొడుతున్నాడు. మీ గొంతు పలికేసింది, వాడు వినేశాడు!"

కుంటుకుంటూ పరిగెత్తాను. పెట్టె ఒకసారి మేలుకుంటే, మేం కాల్ కట్ చేసేదాకా ఆ ఇంట్లో మాటలన్నీ మాకు వినపడతాయి, మేం మాట్లాడితే ఆ పెట్టెలోంచి వినపడుతుంది. హెడ్‌సెట్ లాక్కుని చెవులకి పెట్టుకున్నాను. ముందు ఏదో పగిలిన చప్పుడు. ఆ తర్వాత మగగొంతు, దగ్గరగా.

"ఎవరే అది? బయల్దేరారంటుంది, ఎవరే బయల్దేరింది? మాట్లాడవేం?"

దెబ్బ. వినపడింది. ఒంటిమీద అరచెయ్యి పడ్డ దెబ్బకీ, ఇంకోదాంతో పడ్డ దెబ్బకీ తేడా తెలుస్తుంది. ఇది అరచెయ్యి కాదు.

రెండో బండి ఎక్కడుందని పిల్లని సైగతో అడిగాను. వంతెన అవతలుంది అన్నట్టు చెయ్యి ఊపింది. నాకు ఏం తోచింది, ఎలా తోచింది అని అడక్కండి. హెడ్‌సెట్‌కి ఉన్న మాట్లాడే మీట నొక్కి, పెట్టెలో ఏ గొంతు పలికిందో అదే గొంతుతో, పెళ్లికూతురిలా హొయలుపోతూ అందుకున్నాను.

"అవును, నేనున్నాను! మరకలంటే ఇక భయపడకు! మొండి మరకల్ని తరిమికొట్టడానికి మనవాళ్లు బయల్దేరారు! ఒక్క చెంచా వేస్తే చాలు, నూనె మరక, సిరా మరక, పసుపు మరక, అన్నీ మాయం! ఈ వారం మాత్రమే, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం!"

వెనకగదిలో పిల్లలు నోళ్లు తెరిచారు. హెడ్‌సెట్‌లో అడుగులు ఆగిపోయాయి.

"ఏంటిది?" అన్నాడు వాడు.

"ప్రకటనండీ," అందా ఇల్లాలు, రొప్పుతూ. గొంతులో రక్తమో కన్నీళ్లో తెలియదు గానీ తల్లి, ఎంత తెలివైందో! "ఫోన్‌లో ఏదో పాట పెట్టుకున్నాను. మధ్యలో ప్రకటన వచ్చింది."

"ప్రకటనా?" వాడి అడుగులు దగ్గరికొచ్చాయి. "మరి నువ్వు పెద్దక్కా అన్నావు కదే. అన్నావా లేదా? నాకు తెలియదనుకుంటున్నావా, అదేదో గోడకి కొట్టుకునే పెట్టె? పిలిస్తే పలుకుతుందంట కదా. నేనే పిలుస్తాను ఉండు. పలికిందో, ఇవాళ నీ నాలుక కోసేస్తాను."

 మీటమీంచి వేలు తీసి వెనక్కి తిరిగి అరిచాను. "ఒరేయ్ చిన్నోడా! పేరు తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

చిన్నోడు కంప్యూటర్ ముందే నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి గుండెకి అదుముకున్నాడు, చొక్కా అంతా ఎర్రగా ఉంది. తెర మీద ఒకటే ప్రశ్న ఉంది, అన్ని పెట్టెల్లోంచీ ఈ పేరు తొలగించమంటారా అని.

"బాబూ," అన్నాడు కోటాయన, గడప దగ్గర్నుంచే. గొంతు పెంచలేదు. "ఆ ఒక్క ఇల్లాలి కోసం ఊళ్లో ఇళ్లన్నీ మూగవి చేస్తావా? ఇంకో ఇంట్లో ఇంకెవరో పిలుస్తుంటారు. ఆ మీట నొక్కితే నేను కొనేదానికి ఇక్కడ ఏమీ మిగలదు."

హెడ్‌సెట్‌లో ఆ మొగుడు గొంతు సవరించుకుంటున్నాడు. వేళాకోళంగా దగ్గాడు.

కోటాయన అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే నాకు మండింది. ఇంకో ఇంట్లో ఇంకెవరో పిలవొచ్చు. పిలిస్తే పలకం. చిన్నోడు నా వైపు చూశాడు. చిన్నప్పుడు దీపం ఆర్పబోయే ముందు చూసేవాడు, అచ్చం ఆ చూపే. నేను తలూపాను.

వాడు ఎడమచేత్తో నొక్కాడు.

"పెద్దక్కా!" అని పిలిచాడు ఆ మగాడు.

మామూలుగా పిలిచాక పెట్టె ఒక్క క్షణం తీసుకుంటుంది. ఆ క్షణం గడిచింది.  ఏమీ పలకలేదు.

"ఓ పెద్దక్కా! ఇంట్లో ఉన్నావా? భోంచేశావా?" వాడు ఇల్లంతా తిరుగుతూ పిలుస్తున్నాడు. గొంతు ఒకసారి దూరంగా, ఒకసారి నా చెవిలోనే. పుట్టిబుద్ధెరిగాక ఎవరు పిలిచినా "ఆఁ" అనడమే నా పని. ఆ అలవాటు ఎక్కడ నోరు దాటి వస్తుందోనని రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

వాడు నవ్వాడు. "నిజంగానే ఏమీ లేదే! దిక్కుమాలినదానా, ఊరికే భయపెట్టావు." ఏదో బరువైంది నేలమీద పడేసిన చప్పుడైంది. కుర్చీ లాగాడు. మంచినీళ్లు తాగుతున్నాడు, గుటకలు వినపడుతున్నాయి. నా పక్కన పిల్ల కళ్లు తుడుచుకుని, బండి వంతెన ఎక్కిందని వేలితో చూపించింది.

అప్పుడు ఇంకో చప్పుడు వినపడింది. నేలమీద ఎవరో పాక్కుంటూ వస్తున్నారు, ఆగి ఆగి. ఆ తర్వాత ఊపిరి, పెట్టెకి పెదాలు ఆనించినంత దగ్గరగా.

"పెద్దక్కా," అంది ఆ ఇల్లాలు. వాడికి వినపడనంత మెల్లగా. "ఇందాక పలికావు కదా. ఉన్నావా?"

నేనున్నాను. అక్కడే ఉన్నాను. నా వేలు మీట మీదే ఉంది. పలికితే వాడు వింటాడు. అరచెయ్యి పళ్ల మధ్య పెట్టుకుని కొరికాను, రక్తం ఉప్పగా తగిలింది.

"వెళ్లిపోయావా?" అంది.

 మళ్లీ పిలవలేదు. గోడకి ఆనుకుని ఏడుస్తున్నట్టుంది, అది కూడా చప్పుడు లేకుండా.

అప్పుడు ఆ ఇంటి తలుపు ఎవరో తట్టారు. కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది.

మా బండి ఇంకా వంతెన మీదే ఉంది.